రంగు ఎంచుకోవడం ఒక్కటేనా మన వంతు?

2025 దసరాకు కొద్ది రోజుల ముందు సంగతి. చిన్న కార్ల మీద పన్ను తగ్గిందన్న వార్త పేపర్లో రాగానే మా ఇంట్లో ఎన్నాళ్లుగానో నానుతున్న కారు మాట మళ్లీ పైకి తేలింది. ఒక ఆదివారం పొద్దున్నే అనంతపురంలోనే ఒక షోరూముకు వెళ్లాం. కుర్రవాడు మర్యాదస్తుడే. ఎదురొచ్చి కూర్చోబెట్టాడు, చల్లటి మజ్జిగ ఇప్పించాడు. తర్వాత మా వారి వైపు తిరిగి ఇంజను, మైలేజీ, అప్పు, కంతులు... అన్నీ ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోయాడు. నేను మధ్యలో "వెనక సీట్లో మధ్యన కూర్చున్నవాళ్లకు కూడా భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా బాబూ?" అని అడిగాను. అతను నవ్వి, రంగుల కార్డు ఒకటి నా చేతికిచ్చి, "మేడమ్, మీరు రంగు చూస్తూ ఉండండి" అన్నాడు.

ఆ కారుకు ముందుగా కట్టాల్సిన డబ్బులో సగం, బ్యాంకులో కుదువ పెట్టబోతున్న నా గాజుల మీద వచ్చేదే! గాజులు నావి, రంగు నాది. మధ్యలో ఉన్నదంతా ఎవరిదో!

కోపం వచ్చింది గానీ, ఇంటికొచ్చాక ఆలోచిస్తే తప్పంతా ఆ కుర్రవాడిది కాదనిపించింది. అతని దగ్గరకొచ్చే ఆడవాళ్లలో చాలామంది నిజంగానే రంగు చూసి లేచిపోతారు. మా పక్కింటి చెల్లెలినే అడిగాను, "ఏ కారు తీసుకుంటున్నారమ్మా?" అని. "నాకేం తెలుసక్కా, ఆయప్ప చూసుకుంటాడు" అంది. అదే చెల్లెలు చీరల కొట్లో రెండువందల రూపాయల తేడా కోసం గంటసేపు నిలబడి బేరమాడుతుంది. ఇంటికి కావలసిన మిక్సీ కొనాలంటే నలుగురినీ అడిగి, మోటారు వాట్లు చూసి, గ్యారంటీ కార్డు బీరువాలో దాచి మరీ కొంటుంది. ఐదేళ్లపాటు నెల నెలా ఇంటి సొమ్ము తినే వస్తువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నాకేం తెలుసు" అంటుంది. ఎందుకని?

అందుకే ఈ వారం కూరలూ కుట్లూ పక్కన పెట్టి, డిక్కీ ఉన్న చిన్న కారు గురించి మాట్లాడుకుందాం. సెడాన్ అంటారే, అదే.

కరువు సీమలో కారు

మాది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడే నేల. దేశంలో జైసల్మేరు తర్వాత ఇంత తక్కువ వాన పడేది ఇక్కడేనని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. శెనక్కాయ పండితే పెళ్లి, ఎండితే వడ్డీ. ఇదీ మా లెక్క. ఒకప్పుడు మా పల్లెలకు డిక్కీ కారు వచ్చిందంటే కరువు చూడ్డానికి అధికారులు వచ్చారని అర్థం. తెల్ల అంబాసిడర్లు వరుసగా దుమ్ము లేపుకుంటూ వచ్చేవి. ఎండిన చెట్టు పీకి చూసేవారు, రాసుకునేవారు, వెళ్లిపోయేవారు. ఆ అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. కరువు మాత్రం ఆగలేదు.

ఇప్పుడు రోజులు మారాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో మొదటి కార్లు బయటికొచ్చాయి. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అది. శెనక్కాయ వేసుకునే నేలలో కార్లు మొలుస్తాయని మా అమ్మమ్మ తరంలో ఎవరైనా అని ఉంటే నవ్వేవారు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లింది గానీ, మా నోటికి ఇప్పటికీ "మన అనంతపురం కియా"యే.

"మన ఊళ్లో తయారయ్యే కారు వదిలి వేరేదెందుకక్కా?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే అక్కడ తయారయ్యే సెల్టోస్, సోనెట్, కారెన్స్ లాంటివి ఎత్తుగా ఉండే రకాలు, డిక్కీ సెడాన్లు కావు. సెడానే కావాలనుకుంటే వేరే కంపెనీల వైపు చూడక తప్పదు. అభిమానం వేరు, అవసరం వేరు.

నాలుగు మీటర్ల కథ

చిన్న సెడాన్ వెనకభాగం ఎందుకు కత్తిరించినట్టు ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? దాని వెనక పన్నుల కథ ఉంది. 2006 కేంద్ర బడ్జెట్లో నాలుగు మీటర్ల లోపు పొడవుండి, చిన్న ఇంజనున్న కార్లకు ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదు. అంతే, కంపెనీలు టేపు పట్టుకుని కూర్చున్నాయి. 2008లో టాటావాళ్లు ఇండిగో సీఎస్‌ను నాలుగు మీటర్ల లోపు కుదించి తెచ్చారు. అదే ఏడు పొడుగ్గా వచ్చిన మారుతి డిజైర్‌ను 2012లో వెనక్కి కత్తిరించి నాలుగు మీటర్లలో ఇమిడ్చారు.

ఆ కొలత ఇప్పటికీ మన జేబును శాసిస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ కొలతలో ఇమిడే కార్లకు జీఎస్టీ 18 శాతం. పొడవు గానీ ఇంజను గానీ ఆ హద్దు దాటితే 40 శాతం. అంటే జానెడు పొడవుకు పన్ను రెట్టింపు దాటుతుందన్నమాట! "ఇంకాస్త పెద్దది తీసుకుందాం" అని ఇంట్లో ఎవరైనా అన్నప్పుడు ఈ లెక్క గుర్తు చేయండి.

ఎంత జేబుకు ఎంత కారు?

ధరలు మారుతూనే ఉంటాయి గనక, 2025 చివరి షోరూము ధరలు పట్టుకుని సుమారుగా చెబుతాను. షోరూము ధర అంటే ఇంటికొచ్చే ధర కాదు. దాని మీద మన రాష్ట్రంలో జీవితకాల పన్ను ధరలో పదోవంతుకు పైనే ఉంటుంది. ఆపైన ఇన్సూరెన్సు. ఆరున్నర లక్షలని బోర్డు మీద రాసిన కారు గుమ్మంలోకి వచ్చేసరికి ఏడున్నర దాటుతుంది. బేరం మొదలెట్టేటప్పుడే "అన్నీ కలిపి ఎంత?" అని అడగండి. కాగితం మీద రాయించుకోండి.

మూడు, నాలుగు లక్షల్లో ముగించాలనుకునేవారికి వాడిన కారే దారి. పాత డిజైర్, అమేజ్, ఎక్సెంట్, 2020 దాకా అమ్మిన ఇటియోస్ లాంటివి దొరుకుతాయి. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. కొత్త కారు అప్పుతో కొని నిద్ర పోగొట్టుకోవడం కంటే, పాతకారు రొక్కంతో కొని హాయిగా పడుకోవడం మేలు. అయితే మూడు సంగతులు చూడకుండా డబ్బు చేతికివ్వకండి. మొదటిది, ఆర్సీలో అప్పు ఇంకా ఉందా, తీరిందా. అప్పు తీరితే సరిపోదు, బ్యాంకు పేరు ఆర్సీలోంచి తీసేసి ఉండాలి. రెండోది, ఆ బండి ఒకప్పుడు టాక్సీగా తిరిగిందా. డిజైర్, ఇటియోస్‌లలో ఇది బాగా చూసుకోవాలి, ఎందుకంటే టాక్సీగా తిరిగినవి వీటిలోనే ఎక్కువ. మూడోది, సర్వీసు చేయించిన చీటీలు. మీకు నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకెళ్లండి. అతనికిచ్చే కొద్ది డబ్బు దండగ కాదు.

షోరూము ధర ఐదున్నర నుంచి ఏడు లక్షల లోపు అనుకునేవారికి టాటా టిగోర్, హ్యుందాయ్ ఆరా, మారుతి డిజైర్... ఈ మూడింటి మొదటి రకాలు అందుతాయి. డిక్కీ చూస్తే టిగోర్‌కు 419 లీటర్లు, ఆరాకు 402, డిజైర్‌కు 382. డిక్కీ లేని స్విఫ్ట్‌లో వెనక సామాను చోటు 265 లీటర్లే. ఊరికి వెళ్లేటప్పుడు బియ్యం మూట, పిల్లల బ్యాగులు, తిరిగొచ్చేటప్పుడు అమ్మ కట్టిచ్చిన ఉలవలు, పచ్చడి జాడీ... వీటికోసమే డిక్కీ కారు అనుకునే ఇళ్లకు ఈ అంకెలు ముఖ్యం. ఆ సామాను లేని ఇంటికి డిక్కీ ఎందుకు? మామూలు చిన్న కారు చాలు, డబ్బూ మిగులుతుంది.

ఏడు నుంచి పది లక్షల మధ్య పెట్టగలిగితే డిజైర్ పై రకాలు, 2024 డిసెంబరులో కొత్తగా వచ్చిన హోండా అమేజ్ చూడొచ్చు. అమేజ్‌లో నాలుగు సిలిండర్ల ఇంజను, 416 లీటర్ల డిక్కీ. గేర్లు వాటంతటవే మారే రకం కావాలంటే ఇక్కడొక తేడా తెలుసుకోవాలి. డిజైర్, ఆరా, టిగోర్లలో ఉన్నది ఏఎంటీ. అంటే మామూలు గేరుపెట్టెకే, మన బదులు క్లచ్చు తొక్కే యంత్రం తగిలించారన్నమాట. చవక, మైలేజీ తగ్గదు, కానీ గేరు మారినప్పుడల్లా తల ఊగినట్టు చిన్న కుదుపు. అమేజ్‌లోది సీవీటీ. మెత్తగా పోతుంది, ఖరీదెక్కువ. రెండూ నడిపి చూశాకే తేల్చుకోండి. "ఆటోమేటిక్ ఆడవాళ్ల కారు" అనే మాటను మాత్రం పట్టించుకోకండి. మోకాళ్లు నొప్పులు పెట్టే మగవాళ్లకు కూడా అది దేవుడిచ్చిన వరమే!

పదిలక్షలు దాటాక వెర్నా, సిటీ, స్లావియా, వర్టస్ వస్తాయి. వీటి డిక్కీలు 500 లీటర్లు దాటతాయి. వెనక సీటులో కాళ్లు చాపుకోవచ్చు. వారం వారం 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు వెళ్లొచ్చే ఇళ్లకు ఇవి సుఖమే. కానీ ఇవి నాలుగు మీటర్లు దాటిన కార్లు, 40 శాతం పన్ను కార్లు. ఏడాదికి నాలుగు పెళ్లిళ్లకు, ఒక తిరుపతి ప్రయాణానికి ఇంత కారు కొనడం, పండగకోసం ఇల్లు కట్టుకున్నట్టే.

మైలేజీ మాయ

షోరూముల్లో ముందు చెప్పేది మైలేజీ. కంపెనీ లెక్కలో గేర్లున్న పెట్రోలు డిజైర్ లీటరుకు 24.79 కిలోమీటర్లు, అమేజ్ 18.65. వినగానే డిజైరే గెలిచిందనిపిస్తుంది. ఆగండి. మీరు నెలకు ఎంత తిరుగుతారు? పెట్రోలు లీటరు 110 రూపాయలు వేసుకుందాం. నెలకు 800 కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఈ రెండింటికీ తేడా దాదాపు 1,170 రూపాయలు. అది పెద్ద మొత్తమే. అదే 300 కిలోమీటర్లు తిరిగే ఇంటికి 440 రూపాయలే. దానికోసం నచ్చిన కారు వదులుకోనక్కర్లేదు. మా ఎండల్లో ఏసీ వేసుకుంటే ఏ కారైనా కంపెనీ చెప్పినంత ఇవ్వదు. అది వేరే సంగతి.

సీఎన్‌జీ గురించి కూడా ఇలాగే లెక్క వేయాలి. దానికి అదనంగా 90 వేలు, గ్యాసు కిలో 95 రూపాయలు అనుకుందాం. డిజైర్ సీఎన్‌జీ కిలోకు 33.73 కిలోమీటర్లని కంపెనీ లెక్క. అంటే కిలోమీటరుకు రూపాయిన్నర పైచిలుకు మిగులు. పెట్టిన 90 వేలు తిరిగి రావాలంటే 55 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు 2,000 తిరిగేవారికి రెండేళ్ల నాలుగు నెలల్లో వచ్చేస్తుంది. 800 తిరిగేవారికి ఆరేళ్ల దాకా పడుతుంది! పైగా గ్యాసు సిలిండరు డిక్కీని మింగేస్తుంది. టాటావాళ్లు మాత్రం ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి కింద పరిచి కొంత చోటు మిగిల్చారు. మీ ఊరికి దగ్గర్లో గ్యాసు బంకు ఉందా, వరుసలో ఎంతసేపు నిలబడాలి అన్నది కూడా ముందే చూసుకోండి. ఇక డీజిలంటారా, 2020 ఏప్రిల్లో కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాక చిన్న సెడాన్లలో అది ఒక్కొక్కటిగా తప్పుకుంది. ఈ ధరలో కొత్త డీజిల్ సెడాన్ కోసం వెతకడం దండగ.

మనం కూర్చునే సీటు

ఇప్పుడు నేను షోరూములో అడిగిన ప్రశ్న దగ్గరకు వద్దాం. కారులో మనం కూర్చునే చోటు ఎక్కడ? చాలా ఇళ్లల్లో వెనక సీటు. ఒడిలో పిల్ల, పక్కన అత్తగారు, మధ్యలో పెద్దపిల్ల. కారు కొనేటప్పుడు అందరూ స్టీరింగు ముందు కూర్చుని చూస్తారు. వెనక మధ్యన కూర్చుని చూసేవారు ఎవరూ ఉండరు. ఆ పని మనమే చేయాలి.

కూర్చుని చూడండి. మూడు చోట్లా భుజం మీదుగా వచ్చే బెల్టుందా? ఏసీ గాలి వెనక్కు వస్తోందా? మే నెలలో మిట్టమధ్యాహ్నం ధర్మవరం దాకా వెళ్లొస్తే ఆ గాలి విలువ తెలుస్తుంది. సెడాన్ సీట్లు కిందికి ఉంటాయి గనక, మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని వెంట తీసుకెళ్లి ఎక్కించి దించి చూడండి. ఆమెకు కష్టమైతే సెడాన్ మాటే మానుకుని ఎత్తుగా ఉండే కారు చూడటం మంచిది. ఐదుగురు ఎక్కి డిక్కీ నింపితే బండి ఇంకా కిందికి దిగుతుంది. మన పల్లె దార్లలో స్పీడు బ్రేకర్లు కొండల్లా ఉంటాయి. అడుగు తగులుతుందేమో, నడిపి చూసేటప్పుడు ఖాళీ బండి కాకుండా ఇంటిల్లిపాదీ ఎక్కి చూడండి. ఏమనుకుంటారోనని మొహమాటపడకండి.

భద్రత విషయంలో పేరు చూసి మోసపోవద్దు. డిజైర్ సంగతే చూడండి. గ్లోబల్ ఎన్‌క్యాప్ గుద్ది పరీక్షించినప్పుడు వెనకటి డిజైర్‌కు పెద్దల భద్రతలో రెండు నక్షత్రాలే వచ్చాయి. 2024 నవంబరులో వచ్చిన కొత్త డిజైర్‌కు ఐదు. పేరు అదే, కారు వేరు. పాతది కొనేవారు కొత్తదాని నక్షత్రాలు చూసి నమ్మకూడదు. టిగోర్‌కు 2020లో నాలుగు వచ్చాయి. వెర్నా, స్లావియా, వర్టస్‌లకు ఐదేసి ఉన్నాయి. 2023 అక్టోబరు నుంచి మన దేశమే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో పరీక్షలు మొదలుపెట్టింది. కొనబోయే కారుకు, అదే ఏడాది రకానికి ఫలితం ఉందా అని అడగడం మీ హక్కు.

నక్షత్రాలు ఎన్నున్నా బెల్టు పెట్టుకోకపోతే అవి ఆకాశంలో నక్షత్రాలే. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్నది ఎంతో ఖరీదైన కారు. వెనక కూర్చున్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదు, పోయారు. ముందు కూర్చున్న ఇద్దరూ గాయాలతో బతికారు. వెనక సీటులో బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. కానీ భయపడాల్సింది వెయ్యి రూపాయలకు కాదు కదా! ఒడిలో బిడ్డను పట్టుకుంటే చాలని మనం అనుకుంటాం. కారు ఒక్కసారిగా ఆగినప్పుడు ఏ తల్లి చేతులకూ అంత బలం ఉండదు. చిన్నపిల్లలకు విడిగా అమ్మే సీటు కొనండి. వెనక సీటులో దాన్ని బిగించే కొక్కేలున్నాయా అని కారు కొనేటప్పుడే చూడండి.

కంతు మాట ఇంట్లో మాట

అన్నింటికంటే ముఖ్యమైనది చివరికి ఉంచాను. ఆరు లక్షల అప్పు, 9 శాతం వడ్డీ అనుకుందాం. ఐదేళ్లకు కడితే నెలకు దాదాపు 12,450. ఏడేళ్లకైతే 9,650. షోరూములో చెప్పేది రెండోదే. "నెలకు పదివేలు కూడా కాదు మేడమ్" అంటారు. వాళ్లు చెప్పనిది ఏమిటంటే, ఐదేళ్లకు మొత్తం వడ్డీ లక్షా నలభై ఏడు వేలైతే, ఏడేళ్లకు రెండు లక్షల పది వేలు దాటుతుంది. నెలకు 2,800 తగ్గించుకోడానికి చివరికి అరవై మూడు వేలు ఎక్కువ కడతాం.

అయితే ఐదేళ్ల కంతే తీసుకోండని గుడ్డిగా చెప్పను. నెలజీతం ఇల్లు వేరు, పంట మీద బతికే ఇల్లు వేరు. జీతం రాళ్లు నెల నెలా వస్తాయి. మా నేలలో పంట సొమ్ము ఏడాదికొకసారి వస్తుంది, వస్తే. కంతు మాత్రం వాన పడిందా లేదా అని అడగదు. మా బంధువుల్లో ఒక వదిన ఇంట్లో శెనక్కాయ బాగా పండిన ఏడాది పెద్ద కారు తెచ్చారు. తర్వాత రెండేళ్లు చెట్టు ఎండింది. కారు గడప ముందు గుడ్డ కప్పుకుని నిలబడింది, పెట్రోలుకు డబ్బుల్లేక. కంతు కోసం వదిన మెడలోది బ్యాంకుకు వెళ్లింది. "కారెక్కి తిరిగింది నాలుగు నెలలు, కారు నా నెత్తినెక్కి తిరిగింది నాలుగేళ్లు" అని నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు నాకు నవ్వులా అనిపించలేదు.

అంచేత నా లెక్క ఇది. మంచి ఏడాది రాబడి చూసి కాదు, చెడ్డ ఏడాది రాబడి చూసి కారు కొనాలి. కరువు వచ్చినా ఆరు నెలల కంతులు కట్టగల డబ్బు విడిగా ఉన్నాకే షోరూము మెట్లెక్కాలి. అది లేకపోతే ఒక మెట్టు దిగి చిన్నది కొనండి. ఇంకో మెట్టు దిగి పాతది కొనండి. లేదా ఇంకో ఏడాది బస్సెక్కండి. బస్సెక్కితే పరువు పోదు. కుదువ పెట్టిన గాజులు వేలానికి వెళితే పోతుంది.

కారు ఎవరి పేరు మీద అన్నది కూడా అడగండి. కొన్ని బ్యాంకులు ఆడవాళ్ల పేరున అప్పు తీసుకుంటే వడ్డీలో కొద్దిగా తగ్గింపు ఇస్తాయి. ఆ తగ్గింపు కోసమే మన పేరు రాయించి తాళం వాళ్ల దగ్గర ఉంచుకునే ఇళ్లూ ఉన్నాయి. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. కారు యజమానికి 15 లక్షల ప్రమాద బీమా తప్పనిసరిగా ఉంటుంది. కానీ యజమానికి లైసెన్సు ఉంటేనే అది వర్తిస్తుంది. మీ పేరున కారు ఉండి, మీకు లైసెన్సు లేకపోతే ఆ రక్షణ మీకు లేనట్టే. కారు మీ పేరున కొంటే, కారు కంటే ముందు లైసెన్సు కొనుక్కోండి. కొనుక్కోవడమంటే దళారికి డబ్బిచ్చి కాదు, నేర్చుకుని! నేర్చుకుంటే అర్ధరాత్రి బిడ్డకు జ్వరమొస్తే ఎవరి కోసమూ ఎదురు చూడనక్కర్లేదు.

ఇంతకీ మేమేం చేశామంటారా? ఆ రోజు షోరూములో సంతకం పెట్టలేదు. ఇంటికొచ్చి, పిల్లల నోటుపుస్తకం వెనక పేజీలో గీతలు గీసి, నెలకు తిరిగే దూరం ఒకవైపు, కట్టగలిగే కంతు ఇంకోవైపు రాశాం. మా వారు అనుకున్న కారు కంటే ఒక మెట్టు కిందిది తేలింది. ఆయన మొదట ముఖం ముడుచుకున్నారు. అంకెలు కళ్లముందు ఉంటే ఎంతసేపు ముడుచుకుంటారు? నెల తర్వాత వెళ్లి కొన్నాం. ఈసారి గాజులు బ్యాంకుకు వెళ్లలేదు, నా చేతికే ఉన్నాయి.

చివర్లో ఆ కుర్రవాడు మళ్లీ రంగుల కార్డు ఇచ్చాడు. ఈసారి సంతోషంగా తీసుకున్నాను. తెలుపు ఎంచాను. మా ఎండలకు నల్లటి కారు పెనం అవుతుంది, తెల్లది కాస్త తక్కువ కాలుతుంది. రంగు కూడా మన లెక్క ప్రకారమే! వెనకటి రోజుల్లో తెల్లకారు ఊళ్లోకొస్తే కరువొచ్చిందని అర్థమని చెప్పాను కదా. మా ఇంటి తెల్లకారుకు ఆ అర్థం రాకూడదని, కొనేముందే కరువును కూడా లెక్కలో వేసుకున్నాం.

ఈ ఆదివారం మీ ఇంట్లోనూ కారు మాట వస్తే, కాఫీలిచ్చి వంటింట్లోకి వెళ్లిపోకండి. ఒక కాగితం, కలం తెచ్చుకుని కూర్చోండి.